టీసీ లేదని వలస కూలీల పాపను బడిలో చేర్చుకోవట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మేం నార్సింగిలో ఉంటాం. మా అపార్ట్‌మెంట్ పక్కన టవర్లు కడుతున్న చోట ఒడిశా బలంగీర్ నుంచి వచ్చిన కుటుంబం ఉంది. పాపకు తొమ్మిదేళ్లు, ఊళ్లో మూడో తరగతి పూర్తిచేసింది. ఇక్కడేమో పొద్దస్తమానం నాలుగేళ్ల తమ్ముణ్ని చంకనేసుకుని రేకుల షెడ్డు ముందే ఉంటోంది. దగ్గర్లోని సర్కారు బడికి తీసుకెళ్తే టీసీ లేదు, ఆధార్ లేదు, నవంబర్ కూడా వచ్చేసింది, జూన్‌లో రండి అన్నారు. నిజంగానే చేర్చుకోరా?

జవాబు: చేర్చుకోవాల్సిందేనమ్మా. నేను ప్రైమరీ స్కూల్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. 2009 విద్యాహక్కు చట్టం చూడండి. టీసీ రాలేదని ఆపకూడదని 5వ సెక్షన్, వయసు రుజువు లేదని ఆపకూడదని 14, ఏడాది మధ్యలో వచ్చినా కాదనకూడదని 15వ సెక్షన్ చెబుతున్నాయి. ఈ వయసు పిల్లల అడ్మిషన్‌కు ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చేసింది.

నోటిమాటగా అడిగితే నోటిమాటతోనే పంపించేస్తారు. తండ్రి పేరుతో దరఖాస్తు రాసి, సంతకమో వేలిముద్రో పెట్టించి హెచ్‌ఎం గారికి ఇవ్వండి. రెండో కాపీ మీద ‘అందినది’ అని తేదీ వేసి సంతకం పెట్టమనండి. అప్పటికీ కాదంటే ఎంఈవో (మండల విద్యాధికారి), ఆపైన డీఈవో (జిల్లా విద్యాధికారి). నార్సింగి రంగారెడ్డి జిల్లాలోకి వస్తుంది, హైదరాబాద్ డీఈవో ఆఫీసు చుట్టూ తిరగకండి.

తెలుగు రాదు కదా, ఒకటో తరగతిలో కూర్చోబెడదాం అంటారు. ఒప్పుకోవద్దు. వయసుకు తగ్గ తరగతిలోనే వేసి, వెనకబడిన వాటిలో విడిగా శిక్షణ ఇవ్వాలని 4వ సెక్షన్. తొమ్మిదేళ్ల పిల్లను చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో నాలుగు రోజుల్లో మానేస్తుంది. హిందీ వచ్చిన పిల్ల పక్కన కూర్చోబెట్టి, ముందు లెక్కలు చేయించమని టీచర్‌ను అడగండి. బోర్డు మీద కూడికలు చూసి చెయ్యగలిగితే పాపకు ధైర్యం వస్తుంది.

అన్నిటికంటే ముందు తమ్ముడి సంగతి చూడండి. వాణ్ని చూసుకునేవాళ్లు లేకపోతే సీటు వచ్చినా పాప బడికి రాదు. అంగన్‌వాడీలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్ని తీసుకుంటారు, భోజనమూ గుడ్డూ పెడతారు. సైట్‌లో యాభై మందికి మించి ఆడకూలీలు ఉంటే ఆరేళ్లలోపు పిల్లలకు అక్కడే శిశు సంరక్షణ గది ఉండాలని 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టంలో ఉండేది. 2025 నవంబర్‌లో దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది, ఇప్పటి నిబంధన కనుక్కోండి. కాంట్రాక్టర్‌ను గట్టిగా అడగండి.

మరొకరి జవాబు: సార్ చెప్పింది కరెక్ట్. ఒక్కటి కలుపుతాను. ఊళ్లోని బడికి ఫోన్ చేయించి పాప పెన్ నంబర్ (బడి మారినా మారని విద్యార్థి గుర్తింపు సంఖ్య) కనుక్కోండి. పదకొండు అంకెలుంటాయి. అది దొరికితే యూడైస్ ప్లస్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో పాప వివరాలు ఇక్కడి బడికి మార్చుకోవచ్చు. పని అయిపోయి వేరే సైట్‌కు వెళ్లేటప్పుడు ఇక్కడ రికార్డ్ షీట్ (ప్రైమరీ బడిలో టీసీలా ఇచ్చే కాగితం) తీసుకోమని తల్లిదండ్రులకు ఇప్పుడే చెప్పిపెట్టండి. మేస్త్రీ పొద్దున చెప్తే సాయంత్రానికల్లా సామాను సర్దుకుని వెళ్లిపోతారు, అప్పుడు బడిదాకా వచ్చే తీరిక ఉండదు.

ప్రశ్న: చాలా థాంక్స్ అండీ. పాప ఇంటిపేరు తండ్రి ఆధార్‌లో ఒకలా, వాళ్లు చెప్పేది ఒకలా ఉంది. దరఖాస్తులో ఏది రాయాలి?

జవాబు: పాత బడి రిజిస్టర్‌లో ఎలా ఉంటే అలాగే రాయండమ్మా, పుట్టిన తేదీ కూడా అదే. ఇప్పుడు తేడా వస్తే పదో తరగతి మెమో దాకా అదే తేడా వెంటవస్తుంది. పాత బడికి ఫోన్ చేసినప్పుడు ఆ పేజీని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమనండి.