11 గిగాహెర్ట్జ్‌లో ఫేజ్ ఊగుతోంది: గాలి వల్లా, కేబుల్ వల్లా?

డాబా_డిష్ (మియాపూర్)
రెండు బ్లాకుల డాబాల మీద రెండు డీటీహెచ్ డిష్‌లు, మధ్య 100 మీటర్లు, రెండూ ఒకే ఉపగ్రహం వైపు. ఎల్‌ఎన్‌బీల్లో (డిష్ ముందుండి సిగ్నల్‌ను తక్కువ ఫ్రీక్వెన్సీకి దించే పెట్టెలు) 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పీకేసి, రెండింటికీ ఒకే ఓసీఎక్స్‌ఓ (వేడి స్థిరంగా ఉంచిన క్రిస్టల్ ఆసిలేటర్) నుంచి క్లాక్ ఇస్తున్నాను. 11.2 గిగాహెర్ట్జ్ దగ్గర 2 మెగాహెర్ట్జ్ మేర తీసుకుని, రెండు ఛానళ్లనూ కోరిలేట్ చేసి (ఒకదానితో ఒకటి సరిపోల్చి) ఫేజ్ తేడా, అంటే తరంగం రెండు డిష్‌లకూ చేరడంలోని ముందువెనుకల తేడా (ఒక తరంగం అంటే ఒక చుట్టు, 360 డిగ్రీలు), రికార్డు చేస్తున్నాను. తెల్లవారుజామున గీత సాఫీగా ఉంటుంది. పదకొండు దాటాక నిమిషాల్లోనే 40 డిగ్రీల దాకా ఊగుతుంది. ఇది కాక రోజంతటికీ మూడు చుట్లు తిరిగే పెద్ద అల ఒకటి. ఇందులో ట్రోపోస్ఫియర్ (వాతావరణపు కింది పొర) వాటా ఎంత? ఎన్‌జీఆర్‌ఐ (హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ)లోని జీఎన్‌ఎస్‌ఎస్ (జీపీఎస్ లాంటి ఉపగ్రహాల) స్టేషన్ జెనిత్ డిలేతో (నడినెత్తి నుంచి వచ్చే సిగ్నల్‌కు గాలి వల్ల అయ్యే ఆలస్యం) పోల్చితే తేలుతుందా?

ఆవిరి_లెక్క
ఆ పెద్ద అల గాలిది కాదండీ. భూస్థిర ఉపగ్రహం కూడా రోజుకో చుట్టు చొప్పున కొద్దిగా కదులుతూనే ఉంటుంది. 0.05 డిగ్రీ జరిగితే చాలు, 100 మీటర్ల బేస్‌లైన్ (రెండు డిష్‌ల మధ్య దూరం) మీద దారి తేడా 8.7 సెం.మీ. దాకా వస్తుంది. తరంగదైర్ఘ్యం 2.7 సెం.మీ. కాబట్టి మూడు చుట్లు దాటుతుంది.

మధ్యాహ్నపు ఊగిసలాటలో మాత్రం గాలి వాటా ఉండి తీరుతుంది. ఆవిరి పీడనం 1 హెక్టోపాస్కల్ పెరిగితే వక్రీభవనం 4 ఎన్-యూనిట్లు (వక్రీభవన గుణకంలో పది లక్షల్లో ఒక వంతు ఒక యూనిట్) పెరుగుతుంది. పొడిగాలి పీడనం అంతే పెరిగితే పావు యూనిట్. కిలోమీటరు మందాన 1 యూనిట్ అంటే 1 మి.మీ. దారి, మీకు 13 డిగ్రీలు. పొడిగాలి పీడనం రెండు డాబాల మీదా ఒకటే కాబట్టి తేడాలో కొట్టుకుపోతుంది. ఆవిరి అలా కలిసిపోదు, ముద్దలు ముద్దలుగా ఉంటుంది. నేల కాగి గాలి పైకి లేచేకొద్దీ ఆ ముద్దలు ఒక డిష్ దారిలోకి ముందు, రెండోదానిలోకి తర్వాత వస్తాయి. ఆవిరి తక్కువున్న రోజుల్లోనూ వేడి తేడాలున్నాయి: డిగ్రీకి ఒక యూనిట్ అటూ ఇటూ.

ఎన్‌జీఆర్‌ఐ డిలేతో పోల్చకండి. అది తల మీది మొత్తం గాలి లెక్క. మీ రెండు డిష్‌లకూ ఉమ్మడిగా ఉన్నదేదీ మీ గీతలో కనిపించదు.

కోయాక్స్_పిచ్చి
పై లెక్క సరైనదే. కానీ గాలి మీద నెపం వేసే ముందు క్లాక్ కేబుల్ చూడండి. ఎల్‌ఎన్‌బీ లోపల 25 మెగాహెర్ట్జ్‌ను 390తో గుణించి 9750 మెగాహెర్ట్జ్ చేస్తుంది. క్లాక్‌లో 0.1 డిగ్రీ జరిగితే బయట 39 డిగ్రీలు! మీరు చెప్పిన 40 అదే కావచ్చు. సిగ్నల్ దిగివచ్చే కేబుల్‌తో ఇంత బెడద లేదు, అందులో నడిచేది 11.2 లోంచి 9.75 తీసేయగా మిగిలే 1.45 గిగాహెర్ట్జే.

డాబా_డిష్ (మియాపూర్)
దూరపు డిష్‌కు క్లాక్ కేబుల్ 60 మీటర్లు, దగ్గరిదానికి అంతకన్నా తక్కువ. పొడవుది పిట్టగోడ మీద ఎండలోనే ఉంది.

కోయాక్స్_పిచ్చి
అయితే మొదటి అనుమానం దాని మీదే. వేడి ఒక డిగ్రీ మారితే ఆలస్యం పది లక్షల్లో 30 వంతులు మారే కేబుల్ అనుకుందాం: 60 మీటర్లకు 7 పికోసెకన్లు, అంటే ఫేజ్‌లో 25 డిగ్రీలు. మబ్బు నీడ పడి తప్పుకున్నా గీత కదులుతుంది. రెండు డిష్‌లనూ ఒకే డాబా మీద పక్కపక్కన పెట్టి, 60 మీటర్ల కేబుల్‌ను ఇప్పుడున్న ఎండలోనే ఉంచి ఒక పగలంతా నడపండి. అప్పుడు గాలి తేడా దాదాపు పోతుంది. మిగిలిన ఊగులాట కేబుల్‌ది, ఎల్‌ఎన్‌బీలది. తర్వాత రెండు కేబుళ్లూ సమాన పొడవున కోసి, పీవీసీ పైపులో నీడన వేయండి.

ఆవిరి_లెక్క
కేబుల్ సరిచేశాక లెక్క ఇలా: సెకను సగటులు తీసి, ఫేజ్ చుట్లు విప్పి (360 దాటగానే సున్నాకు దూకకుండా గీతను కలిపి), 10 నిమిషాల ముక్కలు చేయండి. ప్రతి ముక్కలో రెండో ఘాతపు వక్రరేఖ తీసేస్తే ఉపగ్రహం కదలిక పోతుంది. మిగిలినదాని ఆర్‌ఎంఎస్ (వర్గాల సగటుకు వర్గమూలం) రాయండి. అమెరికాలోని వీఎల్‌ఏ రేడియో టెలిస్కోప్ దగ్గర 300 మీటర్ల బేస్‌లైన్‌తో చేసేదీ ఇంచుమించు ఇదే.

తర్వాత స్ట్రక్చర్ ఫంక్షన్ (ఒక్కో సమయపు ఎడానికి ఫేజ్ మార్పు వర్గాల సగటు) లాగ్ స్కేలు మీద గీయండి. గాలిదైతే కొద్ది సెకన్ల నుంచి 5/3 వాలుతో పెరిగి, బేస్‌లైన్‌ను గాలి వేగంతో భాగిస్తే వచ్చే సమయం దగ్గర చదునవుతుంది, 5 మీ./సె. గాలికి 20 సెకన్లు. రిసీవర్ రొద మొదటి నుంచీ చదునే. ఈ మలుపు దొరికితే నిశ్చింతగా గాలి అనొచ్చు. బేస్‌లైన్ కిలోమీటరుకు పెంచితే ఆర్‌ఎంఎస్ సుమారు 7 రెట్లవుతుంది, అది బేస్‌లైన్‌కు 5/6 ఘాతం చొప్పున పెరుగుతుంది కాబట్టి.

వానలో సిగ్నల్ 1 డీబీ పడిన ముక్కలు పారేయండి. ఫీడ్ (ఎల్‌ఎన్‌బీ నోరు) మూత మీది నీటి పొర కూడా ఫేజ్ మారుస్తుంది.