ప్రచ్ఛన్న యుద్ధం: చల్లటిదా, చాటుదా?

బెంగళూరు తెలుగమ్మాయి

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి మా ఇంట్లో మొదలైన తగాదా ఒకటి ఇక్కడికి మోసుకొచ్చాను, ఏమీ అనుకోకండి. మావాడు, పక్కింటి కన్నడ పిల్లాడు కలిసి పరీక్షకి చదువుకుంటున్నారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాకీ సోవియట్ యూనియన్‌కీ ఎలా చెడిందన్నది పాఠం, ఇంగ్లీషులో ‘కోల్డ్ వార్’. ఆ పిల్లాడు ‘శీతల సమర’ అన్నాడు. మా నాన్నగారు పేపర్లోంచి తల ఎత్తి, “మనం ప్రచ్ఛన్న యుద్ధం అంటాంరా” అన్నారు. అంటే ఏంటి తాతయ్యా అని అడిగితే “దాగి ఉన్న యుద్ధం” అని చెప్పారు. “కోల్డ్ అంటే చల్లన కదా, మధ్యలో దాక్కోవడం ఎక్కణ్ణుంచి వచ్చింది?” అన్నాడు మావాడు. నాన్నగారు టీవీ సౌండ్ పెంచేశారు.

నాకూ తెలియలేదు. మనవాళ్లు తప్పుగా అనువదించారా?

డెస్కు మనిషి

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకుని, ఒక వార్తలో ‘శీతల యుద్ధం’ అని రాశాను. మా సీనియర్ ఎర్ర పెన్నుతో దాన్ని కొట్టేసి, పక్కన “కూల్‌డ్రింకుల కంపెనీల గొడవా?” అని రాశారు. అప్పటి నుంచి ప్రచ్ఛన్నమే. ఎందుకని మాత్రం అడగలేదు, అడిగే ధైర్యమూ లేదు.

సోషల్ మాస్టారు

అమ్మా, మీ అబ్బాయి మంచి ప్రశ్న వేశాడు. ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పాను, ఈ ప్రశ్న వేసిన పిల్లలు ఇద్దరో ముగ్గురో.

ముందు ఇంగ్లీషు సంగతి. వాళ్ల దృష్టిలో యుద్ధం వేడి. తుపాకులు పేలితే హాట్. పేలవు, అలాగని రాజీ కూడా కుదరదు, అది కోల్డ్. ఈ అర్థంలో జార్జ్ ఆర్వెల్ ఆ మాట వాడింది 1945 అక్టోబరు 19న, లండన్ పత్రిక ‘ట్రిబ్యూన్’లో. హిరోషిమా మీద బాంబు పడి అప్పటికి రెండున్నర నెలలు. అణుబాంబు ఉన్న రాజ్యాన్ని ఎవరూ జయించలేరు, అది తన పొరుగువాళ్లతో ఎప్పటికీ తెగని ‘కోల్డ్ వార్’లో ఉండిపోతుందేమోనని ఆయన భయం. తర్వాత 1947 ఏప్రిల్‌లో బెర్నార్డ్ బరూచ్ అని, అమెరికా అధ్యక్షులకి సలహాలిచ్చే పెద్దమనిషి ఒక సభలో అన్నాడు. అదే ఏడాది వాల్టర్ లిప్‌మన్ అనే కాలమిస్టు తన పుస్తకానికి ఆ పేరే పెట్టాడు. ఇక పత్రికలు పట్టుకున్నాయి.

ఇప్పుడు మన ‘చల్లన’ చూడండి. ‘నీ కడుపు చల్లగా’ అని దీవిస్తాం. ‘చల్లని తల్లి’ అని మొక్కుతాం. కోపం తగ్గితే చల్లబడ్డాడంటాం. గొడవ చల్లారిందంటే అయిపోయినట్టే. ఎండల దేశం కదా, మనకి చలువే సుఖం. ఇలాంటి భాషలో ‘చల్లని యుద్ధం’ అంటే వినేవాడికి అది ముగిసిపోయిన యుద్ధంలా తోస్తుంది. అందుకే మనవాళ్లు మాటకి మాట పెట్టకుండా, పైకి కనబడకుండా లోపల సాగే వైరం అన్న భావాన్ని పట్టుకున్నారని నా నమ్మకం.

చెన్నపట్నం

మాస్టారూ, కన్నడిగులకీ ఎండలే కదా! వాళ్లు హాయిగా శీతల సమర అంటున్నారు. మలయాళంలో శీతయుద్ధం, హిందీలో శీత్ యుద్ధ్, ఉర్దూలో సర్ద్ జంగ్. అందరూ ఆ చలిలోనే ఉన్నారు. మా తమిళులైతే ఇంకో మెట్టెక్కి ‘పనిప్పోర్’ అంటారు. ‘పని’ అంటే వాళ్లకి మంచు, ‘పోర్’ అంటే పోరు. మన చెవికి పని పోరు. అది నాకు ఆఫీసులో రోజూ ఉన్నదే.

కొంచెం వేరుగా నడిచింది బెంగాలీవాళ్లు. కోల్‌కతా వైపు ‘ఠాండా లడాయి’ అంటారు గానీ, బంగ్లాదేశ్‌లో ‘స్నాయుయుద్ధ’ అనే మాట ఉంది. అంటే నరాల యుద్ధం. వాళ్లు చలిని వదిలేసి టెన్షన్‌ని పట్టుకున్నారు.

సోషల్ మాస్టారు

ఒప్పుకున్నాను నాయనా, ఎండల వాదం వెనక్కి తీసుకుంటున్నా. చల్లారడం వాదం మాత్రం వదలను. స్నాయుయుద్ధం నాకు కొత్త సంగతి, రాసిపెట్టుకున్నాను. బాగుంది.

ఛందోభిమాని

చర్చ బాగానే ఉంది గానీ పైన ఒకరు (ఇప్పుడు దిద్దుకున్నారు, సంతోషం) ‘ప్రచ్చన్న’ అని రాశారు. ఇంకోచోట ‘ప్రఛ్ఛన్న’ కూడా చూశాను. సరైన రూపం ప్రచ్ఛన్న. పైన ఛ కాదు, పైన చ, కింద ఛ. ప్ర + ఛన్న. హ్రస్వాచ్చు తర్వాత ఛ వస్తే మధ్యలో ఒక తకారం చేరుతుంది, ఆ త్ పక్కనున్న ఛ వల్ల చ్ అవుతుంది. స్వచ్ఛంద, విచ్ఛేదం, వృక్షచ్ఛాయ అన్నీ ఇదే దారి.

ధాతువు ఛద్, కప్పడం అని అర్థం. గొడుగుని ఛత్రం అన్నా, కప్పుని ఆచ్ఛాదన అన్నా, మారువేషాన్ని ఛద్మవేషం అన్నా అన్నీ ఆ ఇంటివే. కాబట్టి ప్రచ్ఛన్నం అంటే ‘లేనిది’ కాదు, ‘రహస్యం’ కూడా పూర్తిగా కాదు. ‘పైన ఏదో కప్పి ఉన్నది’. శంకరుణ్ణి గిట్టనివాళ్లు ప్రచ్ఛన్న బౌద్ధుడన్నారు. ఆయన ఎక్కడో దాక్కున్నాడని కాదు, పైన వేదాంతం కప్పుకున్న బౌద్ధుడని వాళ్ల ఆరోపణ.

డెస్కు మనిషి

కప్పడం అంటే గుర్తొచ్చింది. ‘సోవియట్ భూమి’ పత్రిక నున్నటి కాగితాలతో పుస్తకాలకి అట్టలు వేసుకున్న తరం మాది. లోపల లెక్కలు, పైన ట్రాక్టర్ పక్కన నవ్వుతున్న మనిషి. ఛందోభిమాని గారి లెక్క ప్రకారం అది ప్రచ్ఛన్న గణితం.

బెంగళూరు తెలుగమ్మాయి

నవ్వాపుకోలేకపోయాను. కానీ మాస్టారూ, మావాడికి ఇంకో సందేహం వచ్చింది. పాఠంలో అన్నీ బహిరంగంగానే జరిగినట్టున్నాయట. ప్రసంగాలు, ఒప్పందాలు, కూటములు. ఇందులో కప్పి ఉంచింది ఏముంది అంటున్నాడు.

సోషల్ మాస్టారు

మీవాడు నాకు పాత జవాబు పత్రాలు గుర్తుచేస్తున్నాడు. ‘ప్రచ్ఛన్న యుద్ధం అనగా ఎవరికీ తెలియకుండా రహస్యముగా జరిగిన యుద్ధము’ అని ఏటా పదిమందైనా రాసేవాళ్లు. అర మార్కు కోసేవాణ్ణి. మాట తెచ్చిన చిక్కు అది.

మొదట్లో ఇది ఎంత బాహాటమో చూడండి. 1946 మార్చి 5న మిస్సోరీ రాష్ట్రంలోని ఫుల్టన్ అనే చిన్న ఊళ్లో, కాలేజీ సభలో చర్చిల్ మైకు ముందు నిలబడ్డాడు. అప్పటికే ఎన్నికల్లో ఓడిపోయి బ్రిటన్ ప్రధాని పదవి పోయింది. వేదిక మీద అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కూర్చుని ఉన్నాడు. బాల్టిక్ ఒడ్డున ష్టెట్టిన్ నుంచి ఏడ్రియాటిక్ ఒడ్డున ట్రియెస్ట్ దాకా యూరప్ మీద ‘ఇనుప తెర’ దిగిందన్నాడు. తొమ్మిది రోజులకి సోవియట్ పత్రిక ‘ప్రావ్దా’లో స్టాలిన్ జవాబు వచ్చింది, చర్చిల్‌ని హిట్లర్‌తో పోలుస్తూ. ఏడాది కిందటిదాకా ఒకే పక్షాన పోరాడినవాళ్లు!

ఎందుకు చెడింది అంటే పోలండ్ దగ్గర మొదలుపెట్టాలి. సోవియట్‌లు ఆ యుద్ధంలో రెండు కోట్ల మందికి పైగా పోగొట్టుకున్నారు. ముప్పై ఏళ్లలో రెండుసార్లు జర్మన్లు ఆ దారినే వచ్చారు. గుమ్మం ముందు తన మాట వినే ప్రభుత్వం ఉండాలని స్టాలిన్ పట్టు. 1945 ఫిబ్రవరిలో యాల్టా సమావేశంలో పోలండ్‌లో స్వేచ్ఛగా ఎన్నికలు జరుపుతామని ఒప్పుకున్నారు కదా, అవేవి అని అమెరికా, బ్రిటన్ నిలదీత. ఒకరు కాపలా అనుకున్నది రెండోవారికి ఆక్రమణలా కనిపించింది. 1947 మార్చిలో ట్రూమన్ గ్రీసుకీ టర్కీకీ 40 కోట్ల డాలర్లు కావాలని తన కాంగ్రెస్‌ని అడిగాడు. జూన్‌లో మార్షల్ ప్లాన్, అంటే యుద్ధంలో దెబ్బతిన్న యూరప్‌కి అమెరికా డబ్బిచ్చే పథకం, మాట బయటికొచ్చింది. సోవియట్‌లు అది డాలర్లతో వేసిన వల అన్నారు, తమ చేతిలోని దేశాలనీ అందులో చేరనివ్వలేదు. ఇదంతా పేపర్లలో అచ్చైన సంగతే.

ఇక బెర్లిన్. ఓడిన జర్మనీని గెలిచిన నలుగురూ పంచుకున్నారు. ఊరు సోవియట్ ప్రాంతం మధ్యలో ఉంది, అందులో పడమటి సగం మిగతా ముగ్గురిదీ, అంటే అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌లది. 1948 జూన్‌లో పశ్చిమ జర్మనీ ప్రాంతాల్లో కొత్త మార్కు నోటు తెచ్చారు. అది బెర్లిన్‌కీ వస్తుందనగానే, జూన్ 24న సోవియట్‌లు రోడ్లు, రైళ్లు, కాలువలు మూసేశారు. లోపల 20 లక్షల మందికి పైగా జనం. మిగిలిన దారి ఆకాశం ఒక్కటే. అమెరికా, బ్రిటన్ విమానాల్లో బొగ్గు మోశాయి. అవును, బొగ్గు! మోసిన సుమారు 23 లక్షల టన్నుల్లో మూడింట రెండు వంతులు అదే. 1949 ఏప్రిల్‌లో, ఈస్టర్ ముందు, ఒక్క 24 గంటల్లో 1,398 విమానాలు సరుకు దించాయి. నిమిషానికొకటి అన్నమాట. టెంపెల్‌హాఫ్ విమానాశ్రయం పక్కన అపార్ట్‌మెంట్లు. వాటి పైకప్పుల మీదుగా విమానాలు దిగుతుంటే పిల్లలు కంచె దగ్గర నిలబడి చూసేవాళ్లు. హాల్వర్సన్ అనే పైలట్ వాళ్ల కోసం జేబురుమాళ్లకి చాక్లెట్లు కట్టి, బుల్లి పారాచూట్లుగా వదిలేవాడు. బెర్లిన్ జనం ఆ విమానాలకి పెట్టిన పేరు ‘రోజీనెన్‌బోంబర్’. మన మాటల్లో కిస్‌మిస్ బాంబర్లు. అదే ఊరి మీద మూడు, నాలుగేళ్ల కిందట పడ్డవి నిజం బాంబులు. ఈ పేరు ఎవరు పెట్టారో గానీ వాళ్లకి దండం.

కంటికి కనబడుతూ, చెవులు హోరెత్తించిన ఈ వైరాన్ని ప్రచ్ఛన్నం అనగలమా? నేనైతే తటపటాయిస్తాను.

కానీ తేదీ చూడండి. దిగ్బంధం జూన్ 24న. సరిగ్గా ఆరు రోజుల ముందు, 1948 జూన్ 18న, వాషింగ్టన్‌లో జాతీయ భద్రతా మండలి ఒక రహస్య ఆదేశం ఖాయం చేసింది. పరాయి దేశాల్లో చాటుమాటు పనులు చేయొచ్చు, అయితే అమెరికా చేయి ఉన్నట్టు తెలియకూడదు, బయటపడినా మాకేం సంబంధం అనగలిగేలా ఉండాలి అన్నది దాని సారాంశం. ఇరాన్‌లో 1953లో ప్రధాని మొసాద్దెక్‌ని దించింది ఆ పద్ధతిలోనే. అటు పక్క సోవియట్‌లూ తక్కువ తినలేదు. 1945 జూలై 24న పోట్స్‌డామ్ సమావేశంలో ట్రూమన్, మా దగ్గర కొత్త ఆయుధం ఒకటి ఉందని స్టాలిన్ చెవిన వేస్తే ఆయన ముఖంలో ఆశ్చర్యమే లేదు. బాంబు తయారుచేస్తున్న లాస్ అలమోస్‌లోంచే క్లాస్ ఫుక్స్ అనే శాస్త్రజ్ఞుడు ఆ సంగతులు మాస్కోకి చేరవేస్తున్నాడు మరి.

ఒకే నెలలో పైన విమానాల హోరు, కింద ఈ కాగితం. పైదాన్ని చూస్తే కోల్డ్ సరిపోతుంది, కిందిదాన్ని చూస్తే ప్రచ్ఛన్నం సరిపోతుంది.

చెన్నపట్నం

కొరియాలో చనిపోయిన లక్షలమందికి కోల్డూ కాదు, ప్రచ్ఛన్నమూ కాదు కదా మాస్టారూ?

సోషల్ మాస్టారు

కోల్డ్ అసలే కాదు. ప్రచ్ఛన్నమా అంటే, ఒక ముచ్చట చెబుతాను. 1950 జూన్‌లో అక్కడ యుద్ధం మొదలైంది. నవంబరు నుంచి అమెరికన్ విమానాలకి ఎదురొచ్చిన మిగ్-15లు చాలావాటిని నడిపింది సోవియట్ పైలట్లు. కానీ విమానాల మీద చైనా, ఉత్తర కొరియా గుర్తులు. పైలట్ల ఒంటి మీద చైనా దుస్తులు. రేడియోలో రష్యన్ మాట్లాడకూడదని ఆర్డరు, నేర్చుకున్న నాలుగు పరాయి ముక్కలే వాడాలి. ప్రాణం మీదికి వచ్చేసరికి ఎవడికైనా అమ్మ భాషే వస్తుంది. గాలిలో రష్యన్ కేకలు అమెరికన్లు వింటూనే ఉన్నారు. విని కూడా నోరు విప్పలేదు. చెబితే పెద్ద యుద్ధమే చేయాల్సి వస్తుందని. అలా ఇద్దరూ కలిసి ఒకే గుడ్డ కప్పి పట్టుకున్నారు.

ఛందోభిమాని

ఛద్మవేషం! ఉత్తర గోగ్రహణంలో బృహన్నల. కాకపోతే అక్కడ అర్జునుడు చివరికి తనెవరో చెప్పుకున్నాడు.

డెస్కు మనిషి

ఇనుప తెర గురించి ఒక్క ముక్క. యూరప్ నాటకశాలల్లో స్టేజీ మీద నిప్పు అంటుకుంటే జనం మీదికి రాకుండా పై నుంచి దించే ఇనుప అడ్డు అది. చర్చిల్ నోట మాట ఆ నాటకశాలల్లోది. మనకి తెర అంటే గుడ్డ. కూచిపూడిలో ఇద్దరు పట్టుకుంటే దాని వెనక నుంచి పాత్ర వస్తుంది. అందుకే మన చెవికి ‘ఇనుప తెర’లో నిప్పు వినబడదు, ‘తెర చాటు’ వినబడుతుంది. మాస్టారు చెప్పిన ప్రచ్ఛన్నం పక్కన అది చక్కగా కుదిరింది, అనుకోకుండానే.

బెంగళూరు తెలుగమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. పైలట్ల కథ మా ఇంట్లో చదివి వినిపించాను. నాన్నగారు టీవీ ఆపేసి మరీ, “నేను మొదటే చెప్పాను దాగి ఉన్న యుద్ధమని” అన్నారు. కన్నడ పిల్లాడు తన శీతల సమర వదలనన్నాడు.

మావాడికి మాత్రం ఇవేవీ కాదు, చెన్నపట్నం గారి మాట నచ్చింది. హోంవర్క్ చెయ్యరా అన్నప్పుడల్లా “పనిప్పోర్” అంటున్నాడు.