బలవంతుడ నాకేమని: ఇందులో "నిగ్రహించి" అంటే ఏమిటి?

సుమతీ శతకంలో "నిగ్రహించి" అంటే కోపం ఆపుకొని అనే కదా, అట్లా మాట్లాడితే తప్పేముంది అని నిన్న ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. వచ్చిన జవాబులన్నీ "ఐకమత్యమే బలం" దగ్గరే ఆగిపోయాయి కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

బలవంతుడ నాకేమని
పలువురతో నిగ్రహించి పలుకుట మేలా
బలవంతమైన సర్పము
చలిచీమల చేత చిక్కి చావదె సుమతీ!

తమ్ముడూ, ఇప్పుడు మనం నిగ్రహం అంటే మనసును అదుపులో పెట్టుకోవడం అనుకుంటాం గానీ, అణచడం, దండించడం అనే అర్థం కూడా ఆ మాటకు ఉంది. "నిగ్రహానుగ్రహ సమర్థుడు" అంటారే, అందులో ఉన్నది ఈ నిగ్రహమే, తిరుపతిలో పొద్దున లేస్తే వినపడే అనుగ్రహానికి ఎదురుమాట. నాకు బలముంది, నన్నెవడేం చేస్తాడులే అని పదిమందినీ కసిరి, అణచి మాట్లాడటం మంచిదా అని కవి అడుగుతున్నాడు. అడిగేది బలవంతుణ్ణే. "బలవంత" అన్న మాట రెండుసార్లు వస్తే రెండూ అటువైపుకే పోయాయి, నోరు పారేసుకునేదీ అటువైపే. చీమలు ఒక్క మాటా అనవు.

ఇదే శతకంలో చీమా పామూ కలిసి వచ్చే పద్యం ఇంకొకటి ఉంది, దాన్ని పక్కన పెట్టుకోకుండా దీన్ని చదవకూడదని నా గట్టి అభిప్రాయం.

చీమలు పెట్టిన పుట్టలు
పాముల కిరవైన యట్లు పామరుడు తగన్
హేమంబు కూడబెట్టిన
భూమీశుల పాలజేరు భువిలో సుమతీ!

పుట్ట కట్టింది చీమ, చేరింది పాము. పామరుడు చెమటోడ్చి కూడబెట్టింది రాజుల పాలు. ఇందులో ఓదార్పు లేదు, పాముకు శిక్షా లేదు, లోకంలో జరిగేది ఉన్నట్టు చెప్పి వదిలేశాడు. అకారాది వరుసలో అచ్చువేసిన పుస్తకాల్లో చకారం ముందు, బకారం తర్వాత కాబట్టి చదివేవాడికి పుట్ట పోవడం ముందు కనపడుతుంది, పాము చావడం చాలా పేజీల తర్వాత వస్తుంది. అది కవి పెట్టిన వరుసని నేను చెప్పడం లేదు. కానీ ఆ రెండింటి మధ్య చీమలు ఏం చేస్తూ ఉంటాయి? పని. నాకు ఈ పద్యాల్లో కనపడే ఓర్పు అదే.

మా చిత్తూరు వైపు తోతాపురి మామిడి కోతలప్పుడు చూడండి. కాయ పక్వానికి వచ్చాక చెట్టు మీద ఆపలేం, కోశాక ఇంట్లో పెట్టుకోలేం, పల్ప్ ఫ్యాక్టరీ బయట ట్రాక్టర్ల వరుసలో రాత్రంతా కూర్చోవాల్సిందే. ఒకసారి అట్లాంటి గేటు దగ్గర "ఇష్టముంటే దించు, లేకుంటే తీసకపో" అని లోపలి మనిషి మా చిన్నాయన మీద అరిస్తే, వెనక ట్రాక్టర్ మీద కూర్చున్న పెద్దాయన "చీమలు పెట్టిన పుట్టలు" పద్యం పైకి చదివాడు. ఎవరూ తిరిగి అరవలేదు, ఎవరూ వరుస వదల్లేదు, తెచ్చుకున్న సంగటి అందరూ పంచుకొని తిన్నారు. ఆ రోజు రేటు పెరగలేదు. ఇది దాచి చెబితే పద్యానికి అన్యాయం చేసినట్టే, ఎందుకంటే పాము ఫలానా రోజు చస్తుందని "బలవంతుడ" పద్యం కూడా చీమలకు మాట ఇవ్వలేదు. మళ్ళీ ఏడు అదే తోటకు నీళ్ళు కట్టాడు మా చిన్నాయన. దాన్ని చేతగానితనం అనేవాళ్ళంటే నాకు మంట.

కింద ఒక అక్క రాశారు, పుట్టలు పెట్టేది చెదపురుగులు కదా, చీమలని ఎందుకన్నాడని. నిజమే అక్కా, పాములు చేరే ఆ పెద్ద మట్టిపుట్టలు చెదలవే. కానీ చెదలను తెల్లచీమలు అనడం కూడా ఉంది, అదీగాక ఇది కందం, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం మకారం కావాలి: చీమలు, పాముల, హేమంబు, భూమీశుల. "చెదలు" అంటే ప్రాస కుదరదు.

పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు వాళ్ళు ఒకటి చెప్పండి, మీ ఇళ్ళల్లో చలిచీమ అని ఏ చీమను అంటారు? ఆ పేరు ఇంకా వాడుతున్నారా, చిన్నచీమ అనేస్తున్నారా?