రంగు కిట్ పసుపు చూపిందని బోరుకు ఎర్ర రంగు పూయవచ్చా?

కదిరి మాస్టారు: మా బడి పక్క బోరు నీటిని పిల్లలతో ఫ్లోరైడు కిట్‌లో పరీక్ష చేయించాను. మందు చుక్కలు వేస్తే, ఫ్లోరైడు లేని నీటిలో గులాబీ రంగు నిలవాలి. మాకు నిమ్మపండు పసుపు వచ్చింది. పట్టికలో లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడుకు సరిపోయింది. ఈ నీళ్లు తాగొద్దని గుర్తుగా బోరుకు ఎరుపు పూశాం. ఊళ్లో గొడవ. మేము చేసింది తప్పా?

ధర్మవరం రసాయనం: తప్పే. ఆ గులాబీ జిర్కోనియం అనే లోహం, జైలినోల్ ఆరెంజ్ అనే రంగు పదార్థం కలిసిన సంక్లిష్టానిది. ఫ్లోరైడు వచ్చి జిర్కోనియాన్ని లాక్కుంటే, విడిపడిన రంగు పసుపవుతుంది. కానీ ఫాస్ఫేటు కూడా జిర్కోనియాన్ని లాక్కుంటుంది. పటిక వేసిన నీళ్లైతే అందులోని అల్యూమినియం ఫ్లోరైడును పట్టేసుకుని తక్కువ చూపిస్తుంది. ఇంతకీ సీసా దేనితో కడిగారు?

నల్లరేగడి: కాచి తాగితే సరి.

ధర్మవరం రసాయనం: కాస్తే ఆవిరయ్యేది నీరు. ఫ్లోరైడు గిన్నెలోనే ఉండి ఇంకా చిక్కబడుతుంది.

కదిరి మాస్టారు: అనంతపురంలో ఫ్లోరైడు కొత్త మాటా? మా తరగతిలో పళ్లపై గోధుమ చారలున్న పిల్లలను రోజూ చూస్తాను. ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి ఆధారం లేకపోతే 1.5. మాది 2.

ధర్మవరం రసాయనం: పళ్ల చారలు చిన్నప్పుడెప్పుడో తాగిన నీటి సంగతి చెబుతాయి, నిన్నటి పరీక్ష సంగతి కాదు. సీసా?

పెన్న గట్టు: ఈయన సీసాను వదలడు.

ధర్మవరం రసాయనం: వదలను. మూడేళ్ల కిందట మా బోరుకూ ఎవరో ఇలాగే ఎరుపు పూశారు. తర్వాత ప్రయోగశాలలో ఫ్లోరైడును కొలిచే ఎలక్ట్రోడుతో చూపిస్తే 0.9 వచ్చింది. ఈలోగా మా అమ్మ కిలోమీటరు అవతలి నుంచి బిందె మోసుకొస్తూ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. రంగు పూయడానికి నిమిషం చాలు మాస్టారూ, వేరే నీళ్లు ఎవరు తెస్తారు?

కదిరి మాస్టారు: ఆ మాట మొదటే అనవచ్చు కదా, నాకు పాఠం చెప్పడమెందుకు? నేను నాలుగు అర్జీలు ఇచ్చాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఎరుపు పూసిన వారానికే ట్యాంకరు వచ్చింది.

ధర్మవరం రసాయనం: మంచిదే. సీసా?

కదిరి మాస్టారు: ఇప్పుడే పిల్లవాణ్ణి అడిగాను. బట్టల సబ్బు పొడితో కడిగాడట. మీరన్న ఫాస్ఫేటు అందులో ఉండి ఉండవచ్చు. రేపు బోరు నీటితోనే నాలుగుసార్లు జాడించి మళ్లీ చేస్తాం. ఎరుపు మాత్రం ఇప్పుడే చెరపను. చెరిపితే ట్యాంకరు ఆగిపోతుంది.