కరెంటు పోయాక గిట్ రెపో తెరుచుకోవట్లేదు, పుష్ చెయ్యని కమిట్లు తిరిగొస్తాయా?

సగంకోడ్:
కోడ్ మార్పుల హిస్టరీ దాచే గిట్‌లో కమిట్ (మార్పుల్ని హిస్టరీలో సేవ్ చెయ్యడం) కొడుతుండగానే కరెంటు పోయింది, మళ్ళీ ఆన్ చేసి గిట్ స్టేటస్ కొడితే గిట్ తన డేటా దాచుకునే ఏదో ఆబ్జెక్ట్ ఫైల్ ఖాళీగా ఉందంటోంది, లూజ్ ఆబ్జెక్ట్ కరప్ట్ అంటోంది, అక్కడితో ఆగిపోతోంది. గిట్ లాగ్ కూడా అంతే. రిమోట్‌లో (సర్వర్ మీదున్న కాపీలో) మెయిన్ బ్రాంచ్ (పని నడిచే ఒక దారి) ఉంది గానీ ఈమధ్య కమిట్లేవీ పుష్ కాలేదు, అంటే అక్కడికి పంపలేదు, ఇంకో బ్రాంచ్ అయితే అసలు రిమోట్ మొహమే చూడలేదు. ఫోల్డర్‌లో ఫైళ్ళన్నీ కనిపిస్తున్నాయి, హిస్టరీయే పోయినట్టుంది. ఏం ముట్టుకుంటే ఏం ఊడుతుందో అని ఏమీ కదపలేదు, కొంచెం దారి చెప్పండి.

త్వరగా_తేల్చు:
దీనికింత టెన్షన్ ఎందుకు బ్రో, రిమోట్ నుంచి కొత్తగా క్లోన్ చేసి (కాపీ దింపి) నీ ఫైళ్ళు దాని మీద కాపీ చేసి ఒక్క కమిట్ కొట్టెయ్, అయిపోయింది.

పాతటెర్మినల్:
పైన చెప్పింది చేస్తే ఫైళ్ళు వస్తాయి గానీ పుష్ కాని బ్రాంచ్, స్టాష్‌లు (కమిట్ చెయ్యకుండా పక్కన దాచిన మార్పులు) అన్నీ గోవిందా. ముందు .గిట్ ఫోల్డర్‌తో సహా మొత్తం రెపోని వేరే చోటికి కాపీ తీసి పెట్టుకోండి, ఏ ప్రయోగమైనా ఆ కాపీ మీదే. గిట్ జీసీ (గిట్‌లో చెత్త ఊడ్చే కమాండ్) మాత్రం కొట్టకండి, ఎక్కడా తగిలించి లేని ఆబ్జెక్ట్‌లు 2 వారాలు దాటితే అది ఊడ్చేస్తుంది, మనకి కావాల్సింది ఆ చెత్తలోనే ఉండొచ్చు.

ఇలా కరెంటు పోయినప్పుడు సాధారణంగా పాడయ్యేది ఆఖర్న రాసిన నాలుగైదు ఆబ్జెక్ట్‌లే, పేరు డిస్క్‌కి చేరింది, లోపలి డేటా చేరలేదు, అందుకే సున్నా బైట్లు. .గిట్ లోపల ఆబ్జెక్ట్స్ ఫోల్డర్‌లో సైజు సున్నా ఉన్న ఫైళ్ళన్నీ వెతికి బయటికి తీసెయ్యండి. వాటిని అక్కడే వదిలేస్తే ఇంకో చిక్కుంది, రేపు అదే ఫైల్‌ని మళ్ళీ యాడ్ చేసినా ఆ పేరుతో ఆబ్జెక్ట్ ఆల్రెడీ ఉందిలే అనుకుని గిట్ కొత్తగా రాయదు, ఖాళీది ఖాళీగానే ఉండిపోతుంది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

తర్వాత .గిట్ లోపల లాగ్స్ ఫోల్డర్, అందులో హెడ్ అనే ఫైల్. మామూలు టెక్స్టే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఒక్కో లైన్‌లో ముందు పాత కమిట్ ఐడీ, పక్కన కొత్త ఐడీ, తర్వాత పేరు, టైము, ఆ చివర మెసేజ్. ఆఖరి లైన్‌లో రెండో ఐడీ చచ్చిపోయిన కమిట్ అయ్యుంటుంది, మొదటిది దాని ముందుది. ఆ మొదటి దాన్ని గిట్ క్యాట్-ఫైల్‌కి హైఫన్ టీ పెట్టి ఇవ్వండి, కమిట్ అని జవాబొస్తే బతికున్నట్టే, లేకపోతే ఒక లైన్ పైకెళ్ళి చూడండి. దొరికిన ఐడీని .గిట్ లోపల రెఫ్స్, దాంట్లో హెడ్స్ ఫోల్డర్ కింద మీ బ్రాంచ్ పేరున్న ఫైల్‌లో పెట్టి సేవ్ చెయ్యండి. .గిట్‌లో ఇండెక్స్ ఫైల్ (తర్వాతి కమిట్‌కి సిద్ధం చేసిన ఫైళ్ళ జాబితా) తీసేసి ఉత్త గిట్ రీసెట్ కొట్టండి, హార్డ్ పెట్టొద్దు దండం పెడతా, హార్డ్ పెడితే ఫోల్డర్‌లో ఉన్న మీ పని మీదే పాత ఫైళ్ళు పడతాయి.

సగంకోడ్:
మెయిన్ లేచింది అన్నా!! మార్పులన్నీ మాడిఫైడ్‌గా చూపిస్తోంది, కమిట్ కొట్టేశా. కానీ ఫుల్ పెట్టి గిట్ ఎఫ్‌ఎస్‌సీకే (రెపో బాగుందో లేదో చూసే కమాండ్) కొడితే ఆ రెండో బ్రాంచ్‌లో మిస్సింగ్ బ్లాబ్ అని ఒకటి, పైన ఫలానా ట్రీ నుంచి లింక్ తెగింది అని వస్తోంది. ఇదేంటి?

బిట్‌లెక్క:
బ్లాబ్ అంటే ఒక ఫైల్ లోపలి సరుకు, పేరు దాంట్లో ఉండదు, ట్రీలో (ఒక ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో రాసుకునే జాబితాలో) ఉంటుంది. లింక్ తెగింది అన్న ట్రీ ఐడీని గిట్ ఎల్ఎస్-ట్రీకి ఇస్తే ఏ ఫైలో తెలిసిపోతుంది. ఆ ఫైల్ కాపీ ఎక్కడైనా ఉందేమో చూడండి, ఎడిటర్ లోకల్ హిస్టరీ, పాత జిప్, ఇంకెవరి మెషీన్‌లోనో క్లోన్, ఏదైనా సరే. దొరికిన ప్రతి కాపీ మీద గిట్ హ్యాష్-ఆబ్జెక్ట్ నడపండి, మిస్సింగ్ ఐడీయే వస్తే అదే అసలు ఫైల్, డబ్ల్యూ ఆప్షన్‌తో మళ్ళీ నడిపితే రెపోలోకి ఎక్కుతుంది. ఐడీ పుట్టేది లోపలి సరుకు నుంచే కాబట్టి చివర్లో ఒక్క ఖాళీ లైన్ తేడా ఉన్నా కలవదు. విండోస్ అయితే లైన్ ఎండింగ్స్ కూడా ఓసారి చూసుకోండి, ఫైల్ అదే అయినా దాని వల్లే ఐడీ మారిపోయి బుర్ర తినేస్తుంది.

సగంకోడ్:
ఎడిటర్ హిస్టరీలో దొరికింది, మొదటి రెండు కాపీలు కలవలేదు, మూడోది సరిగ్గా అదే ఐడీ! ఎఫ్‌ఎస్‌సీకేలో ఇంక మిస్సింగ్ లేదు, డాంగ్లింగ్ అని మాత్రం కొన్ని వస్తున్నాయి.

పాతటెర్మినల్:
డాంగ్లింగ్‌తో ప్రమాదమేం లేదు, ఎవరూ పట్టుకోని ఆబ్జెక్ట్‌లు అంతే. యాడ్ చేసి కమిట్ చెయ్యనివి ఏమైనా పోయాయనిపిస్తే లాస్ట్-ఫౌండ్ ఆప్షన్‌తో ఎఫ్‌ఎస్‌సీకే కొట్టండి, .గిట్ లోపల లాస్ట్-ఫౌండ్ ఫోల్డర్‌లో పడేస్తుంది, పేర్లుండవు, తెరిచి గుర్తుపట్టుకోవాలి. ఇప్పుడు రెండు బ్రాంచ్‌లూ పుష్ చేసెయ్యండి ముందు. గిట్ వెర్షన్ కూడా చూసుకోండి, 2022లో వచ్చిన 2.36 నుంచి కోర్ ఎఫ్‌సింక్ అని సెట్టింగ్ ఉంది, ఏవేవి వెంటనే డిస్క్‌లోకి దిగాలో దాంట్లో చెప్పొచ్చు, కొంచెం స్లో అవుతుంది గానీ కరెంటు ఇలా ఆడుకునే చోట పెట్టుకోవడమే మేలు.