కొట్టింది మగాడు, పిల్లల్ని పోగొట్టుకునేది తల్లా? (ఆస్ట్రేలియా ఆదివాసులైన అబోరిజినల్ తల్లుల గురించి)

సిస్టర్_అరుణ (ఆలిస్ స్ప్రింగ్స్): నేనిక్కడ నర్సుని. దవడ వాచిపోయి వచ్చిన అబోరిజినల్ తల్లి తన సంగతి వదిలేసి, ఒళ్లో పిల్లాడి చెవిలో చీము కారుతోంది, ముందు వాణ్ని చూడమంటుంది. ఆ చెవిని కూడా తన నిర్లక్ష్యం కింద రాస్తారేమోనని భయం. తర్వాత అడిగేది "ఎవరికైనా చెప్తారా?" అని. చెప్పక తప్పదు. మా ఊరున్న నార్తర్న్ టెరిటరీ ప్రాంతంలో, గృహహింసలో తీవ్రంగా గాయపడ్డారని తెలిస్తే పెద్దవాళ్లెవరైనా సరే పోలీసులకు చెప్పాలని 2009 నుంచి చట్టం. పోలీసుల వెనకే పిల్లల సంక్షేమం వాళ్లు దిగుతారు. పిల్లల్ని కాపాడలేకపోయిందన్న మాట ఆమె మీదే పడుతుంది. ఇదెక్కడి న్యాయం?

మూర్తి_మెల్‌బోర్న్: పిల్లల భద్రత ముందండీ. తల్లి మీద జాలితో పిల్లాణ్ని ఆ ఇంట్లో వదిలేస్తామా? ఒక్క ఫోన్ చేస్తే పోలీసులు ఐదు నిమిషాల్లో వస్తారు. ఎందుకు చేయరు?

గోదారోడు: ఐదు నిమిషాలు మీ మెల్‌బోర్న్‌లో, సార్ 😀

సిస్టర్_అరుణ: పోలీసులు వస్తే ఏమైందో చెప్తాను. 2014, పశ్చిమ ఆస్ట్రేలియాలోని సౌత్ హెడ్‌లాండ్. మిస్ ధూ, 22 ఏళ్లు. ఆమె సహచరుడు కోర్టు ఉత్తర్వు మీరాడని ఫిర్యాదొస్తే పోలీసులు ఆ ఇంటికెళ్లారు. ఆమె జరిమానాలు కట్టలేదని ఆమెనీ లాకప్‌లో పెట్టారు. అతని చేతిలో విరిగిన పక్కటెముక దగ్గర ఇన్‌ఫెక్షన్. నొప్పి అంటే నటన అనుకున్నారు. కస్టడీలోనే చనిపోయింది.

మూర్తి_మెల్‌బోర్న్: ఒక్క కేసు పట్టుకుని వ్యవస్థనంతా తిడితే ఎలా? తాగుడు సంగతి ఎవరూ ఎత్తరేం?

వరంగల్_వాణి: తాగేది వాడైతే శిక్ష ఆమెకా? పైగా కొట్టేవాళ్లంతా అబోరిజినల్ మగాళ్లే అనుకోకండి. తెల్లవాళ్లూ ఉన్నారు.

సిస్టర్_అరుణ: సుమారు 1910 నుంచి 1970 దాకా సర్కారే అబోరిజినల్ పిల్లల్ని ఇళ్ల నుంచి ఎత్తుకెళ్లింది. దాని మీద 1997లో నివేదిక వచ్చింది, 2008లో ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఇప్పటికీ మిగతా పిల్లలతో పోలిస్తే దాదాపు పది రెట్లు ఎక్కువగా వీళ్లే ఇంటికి దూరంగా సర్కారు సంరక్షణలో ఉన్నారు. అమ్మమ్మని ఎత్తుకెళ్లిన సర్కారుకే ఫోన్ చేయమంటున్నారు మీరు.

మూర్తి_మెల్‌బోర్న్: పది రెట్లంటే ఆ ఇళ్లలో ప్రమాదం కూడా అంత ఎక్కువనేగా? జవాబు చెప్పండి.

వరంగల్_వాణి: మీ అబ్బాయి స్కూలు వాళ్లు మీ మీద రిపోర్ట్ చేసినప్పుడు ఇక్కడే పేజీలకు పేజీలు రాశారు కదా, "మన పెంపకం గురించి వీళ్లకేం తెలుసు" అని! అప్పుడేమైంది పిల్లల భద్రత?

మూర్తి_మెల్‌బోర్న్: అది వేరు!! తొడ మీద ఒక్క దెబ్బ వేశాను. దానికి ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిచి చూశారు. మా ఆవిడ టెన్షన్‌తో నెలరోజులు సరిగ్గా నిద్రపోలేదు. మేం చదువుకున్న కుటుంబం, మమ్మల్ని వాళ్లతో కలపకండి.

సిస్టర్_అరుణ: ఇప్పుడు బయటపడింది. మీ ఆవిడ మంచి తల్లి అని ఎవరూ రుజువు అడక్కూడదు, ఈమె మాత్రం పగిలిన దవడతో రుజువు చేసుకోవాలి. నేను పిల్లాణ్ని కొట్టేవాడి దగ్గర ఉంచమనలేదు. ఆ కొట్టేవాణ్ని బయటికి పంపండి, తల్లీపిల్లల్ని కలిపి ఉంచండి, కుదరకపోతే ముందు సొంత బంధువుల్ని వెతకండి అంటున్నాను. ఆ నియమం కాగితం మీద ఎప్పటినుంచో ఉంది. అది అమలు చేయమనే 2014లో న్యూ సౌత్ వేల్స్‌లోని గన్నెడాలో అమ్మమ్మలు, నానమ్మలు రోడ్డెక్కారు.

మూర్తి_మెల్‌బోర్న్: ఆ అమ్మమ్మ ఉండే వీధిలోనే తండ్రీ తిరుగుతుంటాడు. రేపు పిల్లాడికేమైనా అయితే ఎవరిది బాధ్యత? మీరు సంతకం పెడతారా?

సిస్టర్_అరుణ: పెడతాను, రాత్రంతా అక్కడ ఉండే మనిషిని ఇస్తే. ఇవ్వరు. పిల్లాణ్ని తీసుకెళ్లడానికి మాత్రం ఇద్దరొస్తారు, కారేసుకుని.