కంటి గూట్లో చీము: వెంటనే ఆపరేషనా, మందులతో ఆగి చూడటమా?

వేకువ: ఆరేళ్ల బాబు. సైనస్ ఇన్ఫెక్షన్ ముదిరి కన్ను ముందుకు పొడుచుకొచ్చింది, పక్కకు తిప్పితే నొప్పి. సీటీలో ముక్కు వైపు గోడ దగ్గర, ఎముకకీ దాని పై పొరకీ మధ్య చిన్న చీముగడ్డ. చూపు బాగానే ఉంది. చీము కళ్లెదుట కనబడుతుంటే ఇంకా ఆగడం దేనికి? ఈ రాత్రికే తీసేయాలని నా వాదన.

చూపుమేర: నేను ఒప్పుకోను. తొమ్మిదేళ్ల లోపు పిల్లల్లో, గడ్డ చిన్నదై ముక్కు వైపున్న లోపలి గోడకే పరిమితమై, చూపు తగ్గకుండా ఉంటే, నరంలోకి ఇచ్చే యాంటీబయాటిక్స్‌తోనే చాలామందికి తగ్గిపోతుంది. గార్సియా, హారిస్ 2000లో ప్రచురించిన ప్రమాణాలు చెప్పేది ఇదే. చిన్నపిల్లల చీములో సాధారణంగా ఒకే రకం బాక్టీరియా ఉంటుంది, మందుకు లొంగుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆక్సిజన్ లేకుండా బతికేవి కూడా కలిసి మొండికేస్తాయి. పదిహేనేళ్ల కుర్రాడైతే నేనూ మీ మాటే అనేవాణ్ని.

రాత్రిపాళీ: ఆగి చూడటం సరే, చూసేదెవరండీ? రెప్పలు ఉబ్బి మూసుకుపోయి ఉంటాయి. కనుగుడ్డు మీద ఒత్తిడి పడకుండా వేళ్లు ఎముక అంచున ఆనించి విప్పాలి. టార్చి ఒక కంటి నుంచి ఇంకో కంటికి మార్చుతూ కంటిపాప ముడుచుకుంటోందా చూడాలి. ఎర్రటి మూత చూపించి రెండు కళ్లకీ ఒకే ఎరుపు కనబడుతోందా అని అడగాలి. అర్ధరాత్రి కూడా కొన్ని గంటలకోసారి ఇదంతా చేసే మనిషి లేకపోతే మందులతో ఆగుతామనే హక్కు మనకు లేదు. కంటి నుంచి మెదడుకు వెళ్లే చూపు నరం నలిగితే, పోయిన చూపు మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు.

చూపుమేర: నూటికి నూరుపాళ్లు నిజం. చూపు తగ్గినా, కంటిపాప స్పందన మారినా అప్పటికప్పుడే ఆపరేషన్. 24 నుంచి 48 గంటల్లో జ్వరం, వాపు దిగిరాకపోయినా అంతే.

గీటురాయి: ఈ వాదన మొత్తం సైనస్ నుంచి వచ్చే చీము గురించే, అది మరిచిపోవద్దు. రెప్ప చర్మం ఊదారంగుకు తిరిగి, బొబ్బలు లేచి, ముట్టుకుంటే స్పర్శ తెలియకపోతే అది కండర పొరలను తినేసే ఇన్ఫెక్షన్. అక్కడ స్కాన్ కోసం కూడా ఆగకూడదు. చచ్చిన కణజాలం తీసేయాలి, పెన్సిలిన్ లాంటి మందుకు తోడు బాక్టీరియా వదిలే విషాన్ని అణచడానికి క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వాలి. షుగర్ అదుపులో లేని రోగికి ముక్కులోనో అంగిట్లోనో నల్లమచ్చ కనబడితే ముందు మ్యూకర్ అనే ఫంగస్‌ను అనుమానించాలి. ఫంగస్‌ను చంపే యాంఫోటెరిసిన్, ఆపరేషన్ రెండూ కావాలి.

వేకువ: ఈ బాబుకి అలాంటి లక్షణాలేవీ లేవు. సరే, ఆగుదాం. కానీ చెవి-ముక్కు-గొంతు డాక్టర్‌కీ, మత్తు డాక్టర్‌కీ ఇప్పుడే చెప్పి ఉంచుతాను. రాత్రి చూపు పరీక్షలు నేనే చేస్తాను.